పదహారు అల్యూమినియం నట్లు

ఇరవై ఎనిమిదేళ్లు తనిఖీ విభాగంలో పనిచేశాను. అంటే ఒకరు చెమటోడ్చి చేసిన వస్తువులో తప్పు పట్టి, దానికి నెలనెలా జీతం తీసుకోవడం. అదే పని మా ఇంట్లో నా భార్య జీతం లేకుండా చేసేది, నాకంటే బాగా చేసేది. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను కాబట్టి ఇద్దరిదీ ఒకే హోదా.

ఇంజినీరింగ్ అయిపోయి కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. "సార్, మీ సర్వీసులో ఎన్ని ముక్కలు రిజెక్ట్ చేశారు?" అని అడుగుతారు. లెక్క పెట్టలేదు. పాస్ చేయకూడనివి ఎన్ని పాస్ చేశారు అని మాత్రం ఎవరూ అడగరు. ఆ లెక్క నాకు బాగా తెలుసు. పదహారు. అన్నీ ఒకే రోజు పాస్ చేశాను. మీకూ అలాంటి రోజు వస్తుంది. అది భయపెడుతూ రాదు. సరదాగా, సెలవురోజులాగా వస్తుంది. అందుకే అడగకపోయినా చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు కొంచెం లోపలగా మా వర్క్‌షాపు. పాతికమంది పనివాళ్లం. విమానాల విడిభాగాలు చేసే పెద్ద కంపెనీలకు చిన్న చిన్న పిన్నులు, బుష్షులు చేసి ఇచ్చేవాళ్లం. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మాత్రం విమానాలు చేస్తున్నామని చెప్పుకునేవాళ్లం. రింగు రోడ్డు పడుతున్న రోజులు. ఆదిభట్ల వైపు కంపెనీ బస్సులు అద్దాలు మూసుకుని పోయేవి. చాయ్ హోటల్లో పక్కన కూర్చున్నవాడు ముందు మీ ఊరు అడిగేవాడు, ఆ తర్వాత సర్వే నంబరు అడిగేవాడు. పేరు అడగాలనే ఆలోచన వాడికి వచ్చేసరికి మన చాయ్ అయిపోయేది.

మా యజమాని మంచివాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క దురలవాటు కారు. పాత చిన్న కారొకటి కొని, వెనక సీట్లు పీకించి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టించి, ఆదివారాలు దాన్ని వీలైనంత వేగంగా తోలేవాడు. అలా తోలడానికి ట్రాక్ కావాలి. మా దగ్గర ట్రాక్ లేదు కానీ వెంచర్లకు కొదవ లేదు. ఊరి బయట ఒక పెద్ద వెంచర్లో కమాను కట్టారు, వెడల్పాటి తారు రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతారు. ఇళ్లు మాత్రం ఎవరూ కట్టలేదు. ప్లాట్లు కొన్నవాళ్లంతా మళ్లీ అమ్మడానికే కొన్నారు మరి. వెంచర్ వాళ్లు మా సార్‌కు స్నేహితులు. ఇంకో నలుగురు కార్ల పిచ్చివాళ్లతో కలిసి ఆయన ఆ మనుషుల్లేని కాలనీలో రౌండ్లు కొట్టేవాడు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేవాణ్ణి. అది నా డ్యూటీలో లేదు. కానీ ఉప్మా పెట్టేవాళ్లు.

కారు చక్రాలు చూసుకునేది మా ఫిట్టర్. షాపంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేది. పక్క ఊరి ముస్లిం కుటుంబం. తండ్రి ఎడ్లబండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడట. కొడుకు ట్రాక్టర్ల మీదికి వచ్చాడు, అక్కణ్ణుంచి మా షాపుకు వచ్చాడు. యంత్రం మూలిగితే గోడ అవతల నుంచే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. నన్ను 'ఇన్‌స్పెక్టర్ సాబ్' అనేవాడు. కొత్తగా చేరినవాళ్లు నన్ను పోలీసనుకుని రెండు మూడు రోజులు మర్యాదగా ఉండేవాళ్లు.

సాయంత్రం ఆయన ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒకటో రెండో ట్రాక్టర్లు నిలబడి ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంజన్ పని ఎవరితో చేయించుకున్నా సరే, చక్రం మాత్రం ఉస్తాద్ బిగించాలి. ట్రాలీలో పెళ్లి జనాన్ని ఎక్కించే ముందు ఆయన వాకిట్లో ఒకసారి ఆగి పోవడం అక్కడి ఆనవాయితీ. బిగించడం అయ్యాక చివర్లో పానా అలాగే పట్టుకుని ఆయన ట్రాక్టర్ మనిషిని ఒక ప్రశ్న అడిగేవాడు.

"ఇంట్ల పిల్లలెంతమంది?"

ఎంతమంది అంటే ప్రతి నట్టుకూ అన్ని చిన్న గుంజుళ్లు. "ఇది పెద్దోనిది... ఇది నడిపిదాన్ది... ఇది చిన్నోనిది" అని గొణుక్కుంటూ. పిల్లలు లేరని ఎవరైనా తల దించుకుంటే, "పుడ్తరు తీ" అని ఒకటి గుంజేవాడు. ట్రాక్టర్ల ఉక్కు నట్లకు అదొక లెక్క కాదు. ఎన్ని గుంజినా ఓర్చుకుంటాయి.

నాకు ఈ అలవాటు మీద జోకులు వేయడం ఇంకో అలవాటు. ఆరుగురు పిల్లలున్నాయన ట్రాక్టర్ పంక్చరైతే చక్రం విప్పడానికి రెండు ఊళ్లవాళ్లు కలిసి వచ్చారని కథలు చెప్పేవాణ్ణి.

"పిల్లలు కాకుండ ఆపరేషన్లు వచ్చినంక నీ బిగువు తగ్గింది ఉస్తాద్" అనేవాణ్ణి.

"నీకు ఒక్కడే గద సాబ్" అనేవాడు ఆయన, పానా తుడుచుకుంటూ. "నీ స్కూటర్ చక్రం జర చూస్కో. ఎప్పుడన్న ఊడ్తది."

ఒకరోజు సార్ నన్ను పిలిచి బల్ల మీద పదహారు ఉక్కు నట్లు పోశాడు. నాలుగు చక్రాలకు, చక్రానికి నాలుగు.

"ఇవి తేలిక చేద్దాం" అన్నాడు. "చక్రంతో పాటు తిరిగే బరువు ఎంత తగ్గితే కారు అంత చురుగ్గా ఉంటుంది. మన దగ్గర విమానాల లోహం ఉంది కదా?"

పదహారింటినీ తూచి చూశాను. సార్ పొద్దున టిఫిన్ తగ్గించుకుంటే అంతకంటే ఎక్కువ కలిసొచ్చేది. అది చెప్పే ఉద్యోగం నాది కాదు.

షాపులో రెండు రకాల రాడ్లు మిగిలి ఉన్నాయి. ఒకటి టైటానియం. ఉక్కులా గట్టిది, బరువు ఉక్కులో సగానికి కాస్త ఎక్కువ, బ్రేకు వేడికి చలించదు. కానీ కోయడం నరకం. లోపల థ్రెడ్, అంటే మర, తీస్తుంటే పనిముట్లు విరుగుతాయి. రెండోది అల్యూమినియం, విమానాల్లో వాడే రకం. టైటానియం కన్నా తేలిక. లేత్ మీద వెన్నలా తెగుతుంది, పైన కావలసిన రంగు పట్టించవచ్చు. కాకపోతే మెత్తన. ఒక హద్దు దాకా బిగిస్తే ఏమీ కాదు. హద్దు దాటితే లోపలి థ్రెడ్ సాగుతుంది. పైకి ఏమీ కనపడదు.

నేను అల్యూమినియం ఎంచుకున్నాను. ఎందుకు అంటే, పని సులువు. నేరేడు పండు రంగు వేస్తే అందంగా ఉంటుంది. సార్ చేతిలో పెడితే ఆయన ముఖం వెలుగుతుంది. ఇంజినీరింగ్ కారణాల కోసం తర్వాత వెతికాను, దొరికాయి. గట్టిగా వెతికితే దొరకని ఇంజినీరింగ్ కారణం ఇంతవరకూ నాకు తగల్లేదు.

పరీక్షలు కూడా చేశాను, చేయలేదని ఎవరూ అనలేరు. హద్దు దాకా బిగించి, విప్పి, మళ్లీ బిగించి, పదిసార్లు చూశాను. నిలబడ్డాయి. ఒక కార్డు రాశాను: అనుకున్నంత బిగువు రాగానే టక్కుమని చెప్పే పానాతోనే బిగించాలి, ఆ తర్వాత ముట్టకూడదు, పదిసార్లు వాడాక పారేయాలి. చక్కటి ఇంగ్లిష్‌లో రాసి కారు పనిముట్ల పెట్టె మూతకు అంటించాను. ఉస్తాద్‌కు ఉర్దూ వచ్చు, అంకెలు వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదవగలడు. ఇంగ్లిష్ రాదు. ఆ సంగతి నాకు తెలుసు.

నోటితో కూడా చెప్పాను. "ఉస్తాద్, గీ నట్లు మెత్తటివి. పానా టక్కుమనంగనే ఆపాలె."

"అవ్ సాబ్. టక్కుమనంగనే ఆపుత."

ఆపాడు కూడా. మొదటి ఆదివారం వెంచర్ కమాను కింద పదహారు నట్లూ వరుసగా బిగించాడు, టక్కుమన్న ప్రతిసారీ ఆపాడు. ఆ పానాను పెట్టెలో జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత తన జేబులోంచి తన పాత పానా తీశాడు. సార్ వైపు తిరిగాడు.

"పిల్లలిద్దరే గద సార్?"

సార్ కూతుళ్లిద్దరూ అక్కడే హద్దురాయి మీద కూర్చుని ఉన్నారు. పెద్దదానికి పదేళ్లుంటాయి. సార్ నవ్వి, "ఇద్దరే ఉస్తాద్" అన్నాడు.

"ఇది పెద్దమ్మది... ఇది చిన్నమ్మది." ప్రతి నట్టుకూ రెండు. పిల్లలు కిలకిలా నవ్వుతున్నారు. నేను పదడుగుల దూరంలో ఉప్మా ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మూడోది పుట్టుంటే నట్టు తెగిపోతుండె సార్" అన్నాను.

అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు.

పిల్లలూ, ఇది గమనించండి. ఆ ఒక్క వాక్యంలో విషయమంతా ఉంది. ఏ నట్టు, ఎంత బిగువు, ఎప్పుడు తెగుతుంది, అన్నీ చెప్పేశాను. జోకుగా చెప్పాను కాబట్టి ఎవరూ వినలేదు. చెప్పినవాణ్ణి నేను, నేనూ వినలేదు.

ఎందుకు ఆపలేదో చాలాసార్లు ఆలోచించాను. యజమాని ముందు, ఆయన పిల్లల ముందు, ఆ పిల్లల పేరు మీద గుంజుతున్న చేతిని పట్టుకుని 'వద్దు' అనడం మర్యాదగా అనిపించలేదు. మర్నాడు ఆఫీసులో లెక్క వేసి చూసుకున్నాను. రెండు గుంజుళ్లను ఆ నట్టు ఒకసారికి ఓర్చుకుంటుంది అని వచ్చింది. ఒకసారికి అనే మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం టైర్లు మార్చేవాళ్లు, మళ్లీ బిగించేవాళ్లు, మళ్లీ పెద్దమ్మది, చిన్నమ్మది. ఎన్నిసార్లయిందో ఎవరూ లెక్క పెట్టలేదు. పదిసార్లకు పారేయాలన్న సంగతి తెలిసిన మనిషి స్టాప్‌వాచ్ చూస్తున్నాడు.

చలికాలంలో ఒక ఆదివారం, ఎండ అప్పుడే కాస్త వేడెక్కింది. మూడో రౌండులో, నీళ్ల ట్యాంకు దగ్గర మలుపులో, ఎడమవైపు ముందు చక్రం కారును వదిలి బయటికొచ్చింది. ఏదో తొందర పనున్నట్టు కారు కంటే ముందే పోయింది. హద్దురాళ్లు దాటి, రోడ్డు పక్కన ఇంకా అమ్ముడుపోని కందిచేలోకి దూకి, మొక్కల మధ్య పడుకుంది. కారు ముక్కు నేలకు దిగి, పక్కకు తిరిగి, రాళ్లను కొట్టుకుని ఒరిగింది.

నేను ఇంకా స్టాప్‌వాచ్ ఆపలేదు, ఉస్తాద్ సగం దూరం పరిగెత్తాడు. నేను చేరేసరికి ఆయన కిటికీలోంచి నడుము దాకా లోపల ఉన్నాడు. "సార్, నా మెడ పట్టుకో, గట్టిగ పట్టుకో" అంటున్నాడు. సార్ ముఖం తెల్లగా పాలిపోయింది. "పిల్లల్ని ఇటు రానీయకండి" అని ఒక్కటే మాట పదేపదే అంటున్నాడు. పిల్లలు అప్పటికే వచ్చి నా వెనక నిలబడి ఉన్నారు.

సార్ బతికాడు. కుడి మోకాలు మాత్రం మూడు ఆపరేషన్ల తర్వాత కూడా మళ్లీ వంగలేదు.

సార్‌ను దవాఖానలో చేర్పించి ఆ మధ్యాహ్నమే నేను వెంచర్‌కు తిరిగొచ్చాను. ఉస్తాద్ కారు దగ్గరే కూర్చుని ఉన్నాడు, అంగీ మీద రక్తం మరకలు అలాగే ఉన్నాయి. చక్రం ఊడిన చోట బోల్టులు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. మూడింటి మీద నట్ల లోపలి థ్రెడ్ సన్నటి స్ప్రింగులా చుట్టుకుని మిగిలిపోయింది. ఒక నట్టు గడ్డిలో దొరికింది. లోపల నున్నగా, ఖాళీగా ఉంది. బయట నేరేడు రంగు చెక్కు చెదరలేదు. నాకు అర్థం కావడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఉస్తాద్ ఆ స్ప్రింగును వేలితో తాకి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నా చెయ్యేనా సాబ్?"

నేను చెప్పవలసింది పెద్దదేం కాదు. 'నేను ఎంచుకున్న నట్టు, నేను చూస్తూ ఊరుకున్న చెయ్యి' అంటే చాలు.

"చూడాలె ఉస్తాద్" అన్నాను. "ల్యాబుకు పంపాలె."

సార్ దవాఖానలో ఉన్నన్నాళ్లూ షాపు చూసుకోవడానికి ఆయన అన్న వచ్చాడు. ఏం జరిగిందో ఒక పేజీలో రాసివ్వమన్నాడు. రాశాను. 'నిర్ణీత పరిమితికి మించి బిగించబడినందున నట్ల థ్రెడ్లు విఫలమైనవి. సదరు పరిమితి కార్డు ద్వారా ముందుగానే తెలియజేయబడినది.' ఎవరి పేరూ రాయలేదు. ఎవరు బిగించారో ఊరంతటికీ తెలుసు కాబట్టి రాయవలసిన అవసరమూ లేదు. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. అంత అబద్ధపు కాగితం నా సర్వీసులో ఇంకొకటి రాయలేదు.

ఉస్తాద్‌ను పనిలోంచి తీసేయలేదు. పానా ముట్టొద్దన్నారు, అంతే. ప్యాకింగులో కూర్చోబెట్టారు. పిన్నులకు నూనె పూసి కాగితంలో చుట్టే పని. ముప్ఫై ఏళ్లు యంత్రాల గుండె చప్పుడు విన్న మనిషి కాగితాలు మడతపెడుతూ కూర్చున్నాడు. మడతలు సరిగ్గా పెట్టేవాడు, నేను తనిఖీ చేసేవాణ్ణి. ఒక్కటీ రిజెక్ట్ చేయడానికి దొరకలేదు.

మాట షాపు దాటి ఊళ్లకు చేరింది. 'సార్ కాలు ఇరగ్గొట్టిండట' అన్నారు. ముందు దూరపు ఊళ్ల ట్రాక్టర్లు రావడం మానేశాయి, తర్వాత సొంత ఊరివీ మానేశాయి. ఒకాయన పెళ్లి ట్రాలీని ఉస్తాద్ వాకిలి ముందు నుంచే తోలుకుపోయి ఇంకో ఊళ్లో చక్రాలు బిగించుకున్నాడట. అది నాకు వేరేవాళ్లు చెప్పారు. ఉస్తాద్ నాతో చెప్పింది ఇంతే, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ:

"ఇప్పుడు పొద్దుమూకి ఇంటికి పోతే మస్తు టైముంటుంది సాబ్."

నేనేదో అన్నాను. నవ్వొచ్చేదే అన్నాను. ఆయన నవ్వాడు కూడా. టిఫిన్ డబ్బా మూత పెడుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"కాగితంల ఏం రాసినవ్?"

"ఎవ్వరి పేరు రాయలే ఉస్తాద్."

"మంచిది" అన్నాడు.

కొన్ని నెలలకు ఒక సోమవారం ఆయన పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేను ఆదిభట్లలో పెద్ద కంపెనీకి మారాను. అద్దాలు మూసిన బస్సులో నేనూ కూర్చున్నాను. తనిఖీ విభాగానికి పెద్దనయ్యాను. కొత్తవాళ్లకు పాఠాలు చెప్పాను, తప్పును వెంటనే రాయాలి, ఎవరి తప్పో సూటిగా రాయాలి అని. బాగా చెప్పేవాణ్ణని పేరు.

రిటైరయ్యాక రెండో నివేదిక రాశాను. ఈసారి తెలుగులో, ఒక్క పేజీ. నట్టు ఎవరు ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు, హద్దు ఎవరికి తెలుసు, ఎవరు చూస్తూ నవ్వారు. ముందు సార్ దగ్గరికి పోయాను. చేతికర్ర పక్కన పెట్టి మొత్తం చదివాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "దవాఖానలో పడుకుని ఏం పని? అన్నీ ఆలోచించాను. మీ కార్డు ఇంగ్లిష్‌లో ఉంది. మీరు జోకు వేశారు. నేను నవ్వాను. ఇది నాకెందుకు, ఆయనకు చూపించండి."

ఉస్తాద్ ఊరికి పోతే ఊరు దొరకడం కష్టమైంది. చేలన్నీ ప్రహరీ గోడలయ్యాయి. ఒక అపార్ట్‌మెంటు వెనక ఆ పాత ఇల్లు అలాగే ఉంది. వాకిలి ఖాళీగా ఉంది. కోడలు మంచం వాల్చింది. ఆయన బాగా చిక్కిపోయాడు, చూపు ఆనడం లేదు. గొంతు మాత్రం గుర్తుపట్టాడు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్! ఇంకా తప్పులు పట్టుడేనా?"

"నావే పట్టుకొచ్చిన ఉస్తాద్" అని కాగితం చదివాను.

"నాకెందుకు సదువుతున్నవ్?" అన్నాడు అంతా విని. "నాకు తెల్వదా? గా థ్రెడ్డు ముట్టుకున్నప్పుడే తెలిసింది. గుంజుడు నాది. చెప్పకపోవుడు నీది. మనిద్దరికి ఎరుకే. ఊరికి ఎరుక లేదు. పో, ఊర్ల సదువు."

"ఇప్పుడా?"

"మల్లెప్పుడు? నేను పోయినంకనా?"

పోయాను. ట్రాక్టర్లు నిలబడే మూల మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం, సిమెంటు దుకాణం, ప్లాట్ల ఆఫీసు ఉన్నాయి. పాత ట్రాక్టర్ల వాళ్ల గురించి అడిగాను. ఒకాయన భూమి అమ్మి పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కొనుక్కున్నాడట. మిగతావాళ్ల సంగతి అక్కడున్నవాళ్లకు తెలియదు. వాళ్లంతా వేరే ఊళ్ల నుంచి వచ్చి దుకాణాలు పెట్టుకున్నవాళ్లు. అయినా చాయ్ బండి దగ్గర నిలబడి, కాగితం తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ముగ్గురు విన్నారు. చాయ్ అతను కప్పులు కడుగుతూ విన్నాడు. సిమెంటు దుకాణం మనిషి ఫోను వచ్చి లేచిపోయాడు. ప్లాట్ల ఆఫీసతను మర్యాదగా చివరి దాకా ఉన్నాడు.

"ఏ ఉస్తాద్ సార్?" అన్నాడు. "ల్యాండ్ ఏమన్న లిటిగేషన్ల ఉన్నదా?"

తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ ఉతికిన అంగీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వాకిట్లో ఇంకో మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. నా వెనక ఎవరైనా వస్తున్నారా అని తల వంచి వింటున్నాడు.

"సదివినవా?"

"సదివిన."

"ఏమన్నరు?"

"అయ్యో గట్లనా, మనం ఉత్తగ ఆయన్ని అనుకుంటిమి అన్నరు."

ఆయన ముఖం మారింది. ఎన్నేళ్లకో చూశాను ఆ ముఖం. కొంచెం ముందుకు వంగాడు.

"ఎవరెవరున్నరు?"

అప్పట్లో ఆ వాకిట్లో చూసిన ట్రాక్టర్ల వాళ్ల పేర్లు గుర్తుచేసుకున్నాను. ఒక పేరు చెప్పాను. తలూపాడు. రెండోది చెప్పాను. తలూపాడు. మూడో పేరు చెప్పగానే తలూపడం ఆపి నా వైపు తిరిగాడు.

"ఆడు గుడ ఉన్నడా?" అన్నాడు. "మంచిగైంది సాబ్. చాయ్ తాగి పో."

చాయ్ తాగాను. వస్తుంటే కోడలు వీధి మొగదాకా సాగనంపింది. ఇల్లు కనుమరుగయ్యాక గొంతు తగ్గించి అంది.

"సార్, నువ్వు మూడోది చెప్పిన పేరు... ఆయన సచ్చిపోయి రెండేండ్లాయె. మా మామ మట్టికి గుడ పోయొచ్చిండు."